సాంచాల సందులో సానిపి పాఠం

శాంతినగర్‌లో సాంచాల చప్పుడు వినాలంటే ఏ కార్ఖానాలోకీ వెళ్లనక్కర్లేదు, సందులో నిలబడితే చాలు. సగం తెరిచిన తలుపు వెనక, రేకుల కప్పు కింద, ట్యూబ్‌లైట్ల వెలుగులో సాంచాలు, అంటే మరమగ్గాలు, వరసగా ఆడుతుంటాయి. వాటి మధ్య బనియన్ వేసుకున్న మనిషి అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగు ముడేస్తుంటాడు. తలమీద, కనుబొమల మీద తెల్లగా నూగు పేరుకుని ఉంటుంది. అదే నూగు గడప దాటి సందులోకి వస్తుంది. సందులోంచి కాలువలోకి పోతుంది.

మహారాష్ట్రలోని ఠాణే జిల్లా భివండీలో చాలా పేటలు ఇలాగే ఉంటాయి. 2011 జనాభా లెక్కల నాటికే ఏడు లక్షలు దాటిన ఈ ఊళ్లో ఇల్లు ఎక్కడ ఆగి కార్ఖానా ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. ఒంటికీ ఊరికీ మేలుచేసే రోజువారీ అలవాట్ల గురించి మాట్లాడాలంటే ఇలాంటి చోటునుంచే మాట్లాడాలి. ఎందుకంటే ఆ విషయం మీద మనకు వచ్చే సలహాలు దాదాపుగా అన్నీ ఇంకెవరి కోసమో రాసినవి.

2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత ప్రధాని పర్యావరణానికి అనువైన జీవనశైలి గురించి ప్రస్తావించారు. 2022 అక్టోబరులో గుజరాత్‌లోని కేవడియాలో ఆ ఆలోచనతోనే ‘మిషన్ లైఫ్’ మొదలైంది. పౌరులు పాటించదగ్గ 75 పనులతో ప్రభుత్వం ఒక జాబితా ఇచ్చింది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపండి, లిఫ్ట్ బదులు మెట్లు ఎక్కండి, ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచండి, గుడ్డసంచి వాడండి, ఆహారంలో చిరుధాన్యాలు చేర్చుకోండి... అన్నీ మంచి మాటలే. కానీ పన్నెండు గంటల షిఫ్టులో నాలుగైదు సాంచాల మధ్య సిమెంటు నేలమీద తిరిగే మనిషికి మెట్లెక్కమని చెప్పేదేముంది? అతనికి కారు లేదు, ఏసీ లేదు, లిఫ్టు అంతకన్నా లేదు. కర్బన ఉద్గారాల లెక్కన చూస్తే ఆదర్శ పౌరుడు అతనే. ఆరోగ్యం లెక్కన చూస్తే నష్టపోయేదీ అతనే.

ఈ రెండు లెక్కలు కలిసే చోటే ఉపయోగపడే అలవాట్లు దొరుకుతాయి. శాంతినగర్ లాంటి పేటల్లో వాటిని గుర్తుపట్టడానికి ఒక తేలిక గుర్తు ఉంది. మనిషి ఒంట్లోకి పోతున్నదీ, ఊరి కాలువలోకి పోతున్నదీ ఒకటే అయిన చోట ఒక్క అలవాటు మార్చుకుంటే రెండూ బాగుపడతాయి.

ఈ ఊరితో తెలుగువాళ్ల బంధం ఈనాటిది కాదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల పద్మశాలీలు తరాల క్రితమే బతుకుదెరువు కోసం షోలాపూర్‌కూ బొంబాయికీ భివండీకీ వచ్చారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలయ్యాక, మూతపడిన మిల్లుల పని చాలావరకు భివండీ సాంచాలకు మళ్లింది. పని ఉన్న చోటికి మనుషులు వచ్చారు. ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి వచ్చినవాళ్లతో పాటు తెలంగాణ నుంచి వచ్చినవాళ్లూ ఇక్కడే స్థిరపడ్డారు. పద్మనగర్‌లో నేటికీ తెలుగు బోర్డులు కనిపిస్తాయి, దసరా ముందు బతుకమ్మలు పేరుస్తారు. తెలంగాణలో మరమగ్గాల ఊరైన సిరిసిల్లలో ‘సాంచ’ అంటే ఏమిటో, నూలు చుట్టే ‘కండె’ అంటే ఏమిటో భివండీ తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్‌కూ భివండీకీ షోలాపూర్‌కూ వలసపోయిన నేతన్నలను వెనక్కి రప్పించడం దాని ఉద్దేశాల్లో ఒకటని చెప్పారు. అందుచేత ఇది ఎక్కడో పరాయి ఊరి సంగతి కాదు.

మొదట నూగు సంగతి. పత్తి నూలు నేసేచోట గాలిలో తేలే సన్నటి దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే జబ్బును బిస్సినోసిస్ అంటారు. సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజున ఛాతీ బిగబట్టినట్టు ఉండటం దాని తొలి లక్షణం. ఆదివారం సెలవు ఉన్న దేశాల్లో దీనికి ‘సోమవారం జ్వరం’ అనే పేరు పడింది అందుకే. మొదట్లో రెండో రోజుకు తగ్గిపోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. తర్వాత వారమంతా ఉంటుంది, ఆ తర్వాత పోదు. బీడీ తాగేవాళ్లకు మరీ కష్టం. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలో తప్పనిసరిగా తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల పట్టికలో ఈ జబ్బును చేర్చారు. కానీ కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లుంటేనే ఆ చట్టం వర్తించేది. 2020లో చేసిన కొత్త కోడ్ ఆ హద్దును ఇరవైకి పెంచింది. నాలుగైదుగురితో నడిచే చిన్న షెడ్డు ఏ హద్దులోకీ రాదు.

పాలిస్టర్ నూలు నడిచే షెడ్లలో రాలే నూగు మరో రకం. అది ప్లాస్టిక్ పోగు. మట్టిలో కలవదు, నీళ్లలో కుళ్లదు. ఊడ్చి కాలువలో పారేస్తే వానకు కొట్టుకుపోయి ఊరి పక్కన పారే కామ్వారీ నదిలో చేరుతుంది. మురుగుతోనూ అద్దకపు నీళ్లతోనూ ఇప్పటికే నలిగిపోయిన నది అది.

మరి ఈ నూగును ఎలా ఎత్తాలి? మామూలుగా జరిగేది ఏమిటంటే, షిఫ్టు మారేటప్పుడు ఎండు చీపురుతో విసురుగా ఊడ్చేస్తారు. కొన్నిచోట్ల గాలి పైపు పెట్టి సాంచమీది నూగును ఊదేస్తారు. యంత్రం శుభ్రమవుతుంది, నూగు మాత్రం అక్కడినుంచి లేచి మనుషుల ముక్కుల్లోకి పోతుంది. తెలుగు ఇళ్లలో అమ్మమ్మలకు తెలిసిన విషయం ఇక్కడ మరిచిపోయారు. తెల్లవారకముందే లేచి వాకిట్లో నీళ్లు చల్లి ఆ తర్వాతే చీపురు పట్టేవాళ్లు వాళ్లు. కోస్తాలో కళ్లాపి అంటారు, తెలంగాణలో సానిపి అంటారు. తడి తగిలితే దుమ్ము లేవదన్నదే అందులోని శాస్త్రం. అమెరికాలో 1978లో పత్తి దుమ్ము మీద కఠిన నిబంధనలు పెట్టాక అక్కడి మిల్లుల్లో బిస్సినోసిస్ బాగా తగ్గింది. అక్కడ పెద్ద యంత్రాలతో చేసిన పనికి మూలం కూడా అదే: దుమ్మును గాల్లోకి లేపకుండా పట్టుకోవాలి.

షెడ్డులో బిందెలకొద్దీ నీళ్లు చల్లమని కాదు దీని అర్థం. నేలమీద మోటార్లున్నాయి, వైర్లున్నాయి, ఇనుముకు తుప్పు ఉంది. ముందు మెయిన్ ఆపాలి. నేలను పిండిన తడిగుడ్డతో తుడవాలి. సాంచ మీది నూగును ఊదకుండా కుంచెతో దింపి సంచిలోకి ఎత్తాలి. ముక్కుకు బాగా అమిరే మాస్కు పెట్టుకోవాలి. మామూలు చేతిరుమాలు పెద్ద నూగును ఆపుతుందే తప్ప సన్నటి దుమ్మును ఆపలేదు. సంచిలోకి ఎత్తిన నూగునూ గుడ్డపీలికలనూ కాల్చకుండా పాతసామాను వాళ్లకు అమ్మాలి. పాలిస్టర్ కాలితే వచ్చే పొగ మళ్లీ ఆ సందులోనే తిరుగుతుంది. పైగా పత్తి నూలు కాస్త తేమ ఉన్న గాలిలో తక్కువగా తెగుతుంది. ఈ సంగతి ప్రతి నేతగాడికీ తెలుసు. తడిగుడ్డ అలవాటు పనికి అడ్డం కాదు.

అయితే ఇంత సులువైన అలవాటు ఎందుకు పడలేదు? సమాధానం కూలి పద్ధతిలో ఉంది. భివండీలో నేతగాడికి జీతం నెలకు ఇంత అని ఉండదు, నేసిన గుడ్డను బట్టి ఉంటుంది. సాంచ ఆగిన ప్రతి నిమిషం అతని జేబులోంచి పోతుంది. అతన్ని పావుగంట సాంచ ఆపి తుడవమంటే, సొంత డబ్బుతో ఊరి గాలిని శుభ్రం చేయమన్నట్టే. అలవాట్ల గురించి ఉపన్యసించే వాళ్లందరూ దాటవేసే విషయం ఇది. అలవాటుకు ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది తేలకుండా మంచి అలవాటు అన్న మాటకు అర్థం లేదు.

చప్పుడు విషయంలోనూ ఇదే కథ. 85 డెసిబెళ్ల శబ్దాన్ని ఎనిమిది గంటలకు మించి వినకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు. ఆపైన ప్రతి మూడు డెసిబెళ్లకూ వినదగ్గ సమయం సగానికి పడిపోతుంది. 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు, 97కు వచ్చేసరికి అరగంట. పోగును మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే పాతరకం సాంచాల షెడ్లలో 90 దాటడం మామూలే. షిఫ్టు మాత్రం పన్నెండు గంటలు. గోడ అవతల వంటింట్లో ఉన్నవాళ్ల సంగతి చూస్తే, నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి.

చెవుల్లో దూది కుక్కుకోవడం చాలామంది చేసేదే. దానివల్ల పెద్దగా ఉపయోగం లేదు. నురుగు రబ్బరుతో చేసిన ఇయర్‌ప్లగ్గులు తక్కువ ధరకే దొరుకుతాయి, సరిగ్గా పెట్టుకుంటే నిజంగా పనిచేస్తాయి. కానీ అవి పెట్టుకున్నవాడి చెవులనే కాపాడతాయి. గోడ అవతలి బిడ్డను కాపాడవు. అందుకే రెండు విధాలా మేలు చేసే అలవాటు ఇంకోటి ఉంది: వారానికోసారి సాంచను చూసుకోవడం. వదులైన బోల్టు బిగించడం, నాడెను కొట్టే పికర్ అరిగిపోతే మార్చడం, నూనె వేయాల్సిన చోట వేయడం, కాళ్ల కింద రబ్బరు దిమ్మలు పెట్టడం. చప్పుడు మాయమవదు, తగ్గుతుంది. రాపిడి తగ్గితే కరెంటూ కలిసొస్తుంది, యంత్రమూ ఎక్కువ కాలం ఉంటుంది. ఈ పనికి కావలసింది నేతగాడి మంచి మనసు కాదు, కార్ఖానా యజమాని అయిన సేటు కొనిచ్చే పికరూ నూనె డబ్బా.

షెడ్డు బయట చాయ్ బండి దగ్గరికి వద్దాం. ముంబయి చుట్టుపక్కల సగం గ్లాసు చాయ్‌ను ‘కటింగ్’ అంటారు. ఒకప్పుడు గాజు గ్లాసుల్లోనే ఇచ్చేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల కాగితం కప్పులొచ్చాయి. కాగితం కదా, మంచిదే అనుకుంటారు. ఆ కప్పు లోపల చాయ్ కారకుండా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి పానీయం పావుగంట సేపు అందులో ఉంటే వంద మిల్లీలీటర్లలోకి దాదాపు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరుతున్నాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు. రోజుకు నాలుగైదు చాయ్‌లు తాగేవాళ్లు లెక్క వేసుకోవచ్చు. తాగాక కప్పు పోయేది ఇందాకటి కాలువలోకే. షెడ్డులో మేకుకు వేలాడే ఒక్క స్టీలు గ్లాసు ఈ రెండింటినీ ఆపుతుంది. కార్ఖానాకు ఫ్లాస్కులో చాయ్ తెచ్చే కుర్రాడు గ్లాసులు కూడా తెస్తే సరిపోతుంది, వాటిని కడగడానికి ఒక నల్లా ఉంటే.

చాయ్ బండి పక్కనే గుట్కా పొట్లాల తోరణాలు. మహారాష్ట్రలో 2012 జులై నుంచి గుట్కా మీద నిషేధం ఉంది. పొగాకునూ పాన్ మసాలానూ ప్లాస్టిక్ పొట్లాల్లో అమ్మకూడదని కేంద్రం 2011లోనే నిబంధన తెచ్చింది. అయినా సందుల్లో కాలికింద చిరిగిన పొట్లాలు తగులుతూనే ఉంటాయి. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం మహారాష్ట్ర పెద్దల్లో 24.4 శాతం మంది అప్పట్లో నమిలే పొగాకు వాడేవాళ్లు. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి దవడలో పెట్టుకున్నది నోటి క్యాన్సర్‌కు దారి, చించి పారేసిన పొట్లం కాలువకు అడ్డం. వానాకాలంలో ఆ కాలువ పొంగి నీళ్లు నిలిస్తే దోమలు, జ్వరాలు. ఇది మానమని చెప్పడం తేలిక. కానీ పన్నెండు గంటల రాత్రి షిఫ్టు ఉన్నంతకాలం నిద్ర ఆపే సరుకుకు గిరాకీ ఉంటుంది. షిఫ్టు మధ్యలో ఒక విరామం ఇచ్చి చూస్తే, ఏ పోస్టరూ చేయలేని పని అది చేస్తుంది.

ప్లాస్టిక్ సంచుల సంగతి వేరే చెప్పాలా? 2005 జులై 26న ముంబయిలోని శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు నగరం మునగడానికి కాలువల్లో పేరుకున్న ప్లాస్టిక్ కూడా ఒక కారణమని తేలింది. 2018లో మహారాష్ట్ర ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. దేశానికి గుడ్డ నేసి ఇచ్చే ఊళ్లో కూరగాయలు ప్లాస్టిక్ సంచిలో ఇంటికి రావడం వింత. అలాగని ప్రతివాళ్లూ కొత్త గుడ్డసంచి కొనడమూ మార్గం కాదు. పత్తి పండించడానికీ నేయడానికీ అయ్యే ఖర్చు లెక్కేస్తే, ఒక కొత్త పత్తి సంచిని కనీసం 131 సార్లు వాడితేగాని వాతావరణం విషయంలో పల్చటి ప్లాస్టిక్ సంచికన్నా మెరుగు కాదని బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్కగట్టింది. భివండీకి ఆ బాధ లేదు. ఇక్కడ చిరుగు గుడ్డకూ మిగులు గుడ్డకూ కొదవలేదు, కుట్టుమిషన్ ఉన్న ఇళ్లూ తక్కువ కాదు. పారేసే గుడ్డతో కుట్టిన సంచికి మళ్లీ పత్తి పండించనక్కర్లేదు.

తిండి విషయంలో శాంతినగర్ వాళ్లకూ సిరిసిల్ల వాళ్లకూ ఒకటే చుట్టం ఉంది, జొన్న. ఇక్కడ భాకరీ, అక్కడ జొన్నరొట్టె. షోలాపూర్ నేలల్లో యాసంగి జొన్న వానాకాలపు పదునుమీదే పండుతుంది. వరిలాగా మడినిండా నీళ్లు అడగదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో పదిగ్రాముల పైచిలుకు పీచు ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాములకన్నా తక్కువ. పదికోట్ల మందికి పైగా మధుమేహం ఉన్న దేశంలో ఇది చిన్న తేడా కాదు. కానీ ఇక్కడా ఖర్చు మాట ఉంది. రేషన్‌లో ఉచితంగా వచ్చేవి ముఖ్యంగా బియ్యం, గోధుమలు. జొన్నలు కొనుక్కోవాలి, రొట్టె చేయడానికి సమయం కావాలి. ఒంటరిగా వచ్చి మెస్సుల్లో నెలలెక్కన తినే కార్మికులు మెస్సు ఏది వండితే అది తింటారు. వారానికి రెండు రోజులు మెస్సుల్లో భాకరీ పెట్టించడం ఒక్కో కార్మికుడికి చెప్పేకన్నా సులువు.

షెడ్డు రేకుల కప్పుకు సున్నం వేయించడం కూడా ఇలాంటి మేలుచేసే పనే. తెలంగాణ 2023లో చల్లటి పైకప్పుల విధానం తెచ్చింది. అంతకుముందు 2017లో హైదరాబాద్‌లో పాతిక పేద ఇళ్లమీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. సాంచాల వేడీ ఎండ వేడీ కలిసే షెడ్డులో రెండు డిగ్రీలంటే మే నెలలో పనిచేసేవాడికే తెలుస్తుంది దాని విలువ.

సేట్లు ఏమంటారో ఊహించడం కష్టం కాదు. నూలు ధర పెరుగుతోంది, అద్దకం వేయని గ్రే గుడ్డకు గిరాకీ పడిపోతోంది, చాలామంది సాంచాలను తుక్కుకింద అమ్మేశారు, ఇప్పుడు తడిగుడ్డలూ ఇయర్‌ప్లగ్గులూ అంటే ఎలా అంటారు. కష్టం నిజమే. అయితే పైన చెప్పినవాటిలో లక్షలు పెట్టాల్సింది ఏదీ లేదు. కుంచె, తడిగుడ్డ, నూనె, పికర్, స్టీలు గ్లాసులు, సున్నం డబ్బా. వీటిలో సగం ఏ కార్ఖానాలో అయినా ఏదో ఒక మూల ఉండే ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద ఖర్చు పావుగంట సమయం. ఆ పావుగంటను సేటు కూలిలో కలిపితే అది అలవాటు అవుతుంది. కలపకపోతే జరిమానా అవుతుంది, ఎవరూ పాటించరు.

భివండీ నిజాంపూర్ మహానగరపాలిక చేయాల్సినదీ ఉంది. షెడ్ల నూగునూ పీలికలనూ చెత్తబండిలో విడిగా తీసుకోవాలి, కార్ఖానాల సందుల్లో కడుక్కోవడానికి నల్లాలు పెట్టాలి, వానలకు ముందు కాలువలు తీయించాలి. ఇవి లేకుండా పౌరుల అలవాట్ల మీద బోర్డులు పెట్టడం నవ్వులపాలు కావడమే.

పద్మనగర్‌లో సాంచాలు నడిపే తెలుగు సేట్లు చాలామంది ఒకప్పుడు తామే పోగు ముడేసినవాళ్లు, లేదా అలాంటి తండ్రుల కొడుకులు. నూగు గొంతులో ఎలా గరగరలాడుతుందో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. సిరిసిల్లలో సాంచాలు నడిపేవాళ్లకూ అంతే. కాబట్టి మొదటి అడుగు వాళ్ల నుంచి రావాలి: రోజుకు పావుగంట సాంచ ఆపండి, తడిగుడ్డతో తుడిపించండి, ఆ పావుగంటకు కూలి ఇవ్వండి.